ఫిబ్రవరిలో నాలుగు రాత్రులు, ఇద్దరమే. వీసా స్టాంపు అక్కర్లేని, వెచ్చగా ఉండే చోటు ఏదైనా ఉందా?

గోదారిగట్టు
మేం మినియాపొలిస్‌లో ఉంటాం. నవంబరు నుంచి ఇల్లు, ఆఫీసు, డేకేర్, కాస్ట్‌కో తప్ప ఇంకో చోటు మొహం చూడలేదు. పాప పుట్టాక మేమిద్దరం కలిసి ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు. ఇప్పుడు మా అత్తగారూ మామగారూ రాజమండ్రి నుంచి వచ్చారు, ఏప్రిల్ దాకా ఉంటారు. అత్తయ్యగారే అన్నారు, "పాపని మేం చూసుకుంటాం, మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్లి రండమ్మా" అని. పాపకి మూడేళ్లు.

లాంగ్ వీకెండ్‌లు రెండున్నాయి. 2026 జనవరి 17-19 ఒకటి, ఫిబ్రవరి 14-16 ఇంకొకటి. ముందో రోజు, వెనకో రోజు సెలవు పెట్టుకోగలం. చిక్కల్లా పాస్‌పోర్టులో వీసా స్టాంపు. ఇద్దరిదీ గడువు అయిపోయింది. ఇక్కడ ఉండడానికి ఇచ్చిన ఆమోద పత్రం, ఐ-797 మాత్రం 2027 దాకా ఉంది. మా ఆయన మెక్సికోలో కాన్‌కూన్ అంటారు, ఆఫీసులో వాళ్లు ఫ్లోరిడాలో కీ వెస్ట్ అంటారు. నేను గుడ్డు కూడా తినను. ఆయన చేప, రొయ్య ఏది పెట్టినా తింటారు. ఈత ఇద్దరికీ రాదు. మూడు వేల డాలర్లలో అయిపోవాలి. పగలంతా పరిగెత్తి రాత్రికి మంచం మీద పడిపోయే ట్రిప్పు నాకొద్దు. వెచ్చటి గాలిలో చెప్పులేసుకుని నడవాలి, ఇద్దరం తీరుబడిగా మాట్లాడుకోవాలి. అంతే.

ఖమ్మం_కుర్రాడు
కళ్లు మూసుకుని కాన్‌కూన్ వెళ్లిపోండి అక్కా. ఆల్ ఇంక్లూజివ్ తీసుకుంటే తిండి, రూము, అన్నీ ఒకటే బిల్లు. మీ దగ్గర్నుంచి నాలుగు గంటలు. బఫేలో వెజ్ బోలెడు. స్టాంపు గురించి దిగులు వద్దు, 30 రోజుల లోపు మెక్సికో వెళ్లొస్తే ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉంది.

అట్లాంటా_అరటికాయ
+1 కాన్‌కూన్. అక్కడి నుంచి ఇస్లా ముహేరెస్‌కి ఫెర్రీ ఇరవై నిమిషాలే. ఆ దీవి ఉత్తరపు కొసన బీచిలో నీళ్లు కదలవు, ఈత రానివాళ్లకి బాగుంటుంది.

హెచ్1బీ_యాత్రికుడు
ఆగండాగండి. ఖమ్మం తమ్ముడు చెప్పింది సగమే. ఆ సగం నమ్ముకుని టికెట్లు కొనకండి.

ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనేది అమెరికాలోకి తిరిగి రావడానికి. ఐ-94 (ఇక్కడ ఎంతకాలం ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉండి, మెక్సికోకో కెనడాకో వెళ్లి 30 రోజుల లోపు వచ్చేస్తే, అక్కడుండగా కొత్త వీసాకి అప్లై చేయకపోతే, పాత స్టాంపుతోనే రానిస్తారు. సరే. కానీ ముందు మెక్సికోలో దిగాలి కదా? ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లని మెక్సికో తన వీసా లేకుండా రానిచ్చేది చేతిలో గడువున్న అమెరికా వీసానో గ్రీన్‌కార్డో, లేదా కెనడా, యూకే, జపాన్, షెంగెన్ లాంటి వీసానో ఉంటేనే. గడువు తీరిన స్టాంపూ ఐ-797 కాగితమూ చూపిస్తే కుదరదు. మెక్సికన్ కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. నాలుగు రాత్రుల కోసం అదంతా ఎందుకు?

నా మాట వింటే ప్యూర్టోరికో వెళ్లండి. 1898 నుంచీ అమెరికా అధీనంలో ఉన్న భూభాగం అది. మీ ఫ్లైటు డొమెస్టిక్. ఐ-94 కదలదు, స్టాంపు ఊసే రాదు. అయినా పాస్‌పోర్టులు, ఐ-797, ఐ-94 ప్రింటు చేతిసంచిలో ఉంచుకోండి, ఎయిర్‌పోర్టులో ఎవరైనా అధికారి అడిగితే చూపించడానికి. వర్జిన్ ఐలాండ్స్ కూడా అమెరికావే, కానీ అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు సీబీపీ (కస్టమ్స్, సరిహద్దు తనిఖీ) వాళ్లు వరసలో నిలబెట్టి కాగితాలు చూస్తారు. ప్యూర్టోరికో నుంచి వచ్చేటప్పుడు ఆ వరస ఉండదు. వ్యవసాయ శాఖ వాళ్లు సామాను స్కాన్ చేస్తారంతే, పళ్లూ మొక్కలూ ఉన్నాయేమోనని.

ఖమ్మం_కుర్రాడు
ఓహ్, నాకు స్టాంపు ఉంది కాబట్టి ఆ సంగతి ఎప్పుడూ ఎదురుకాలేదు. థాంక్స్ అన్నా.

సీమ_మిర్చి
నేను టాంపాలో ఉండా కాబట్టి కీ వెస్ట్ గురించి చెప్తా. దారి మాత్రం బంగారం. మయామి నుంచి మూడున్నర, నాలుగు గంటలు, రెండు పక్కలా సముద్రం, ఏడు మైళ్ల వంతెన మింద పోతా ఉంటే పక్కనున్న మనిషితో ఊరికే మాటలొస్తాయి. సాయంత్రం మల్లోరీ స్క్వేర్‌లో పొద్దు గుంకేది చూడనీకి ఊరంతా చేరతాది. కానీ అక్కా, రెండు సంగతులు. ఫిబ్రవరి అంటే అక్కడ పీక్ సీజన్, హోటల్ రేట్లు చూస్తే మీ మూడు వేలు రూముకే పోతాయి. రెండోది, ఉత్తరం నుంచి చల్లగాలి దిగితే ఫ్లోరిడాలో కూడా స్వెట్టర్ తియ్యాల్సిందే. సముద్రం నీళ్లు ఆ నెలల్లో చల్లగానే ఉంటాయి. బీచిలు కూడా చెప్పుకోదగ్గవి కావు. వెచ్చదనం గ్యారంటీగా కావాలంటే ఇంకా కిందికి దిగాల.

బీచ్_బుజ్జి
సీమ మిర్చి గారు చెప్పింది అక్షరాలా నిజం. ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్‌లో ఫిబ్రవరిలో పగలు 28 డిగ్రీలు, రాత్రి 22. నీళ్లు 26 దాకా ఉంటాయి, దిగగానే ఒళ్లు జలదరించదు. వ్యాపార పవనాలు వీస్తూనే ఉంటాయి కాబట్టి ఉక్క ఉండదు. తుఫాన్ల కాలం నవంబరుతో ముగుస్తుంది.

@గోదారిగట్టు, మీరు అడిగినదాన్ని బట్టి చూస్తే మీది శాన్ హువాన్ కాదు, వియెకెస్. ప్యూర్టోరికో తూర్పున చిన్న దీవి. పెద్ద పెద్ద రిసార్టులు లేవు, ట్రాఫిక్ సిగ్నళ్లు లేవు, గుర్రాలు రోడ్ల మీద వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటాయి. 2003 దాకా దీవిలో పెద్ద భాగం అమెరికా నేవీ చేతిలో ఉండేది, బాంబింగ్ ప్రాక్టీసుకి వాడేవాళ్లు. ఊళ్లో వాళ్లు ఏళ్ల తరబడి పోరాడి పంపించేశారు. ఆ భూముల్లో చాలాభాగం ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం. అందుకే అక్కడి బీచిల్లో ఒక్క హోటలు కూడా కట్టలేదు. లా చీవా బీచికి పొద్దున్నే వెళ్తే అంత పొడుగు ఇసకలో మీరిద్దరే ఉన్నా ఆశ్చర్యం లేదు. కొన్ని చోట్ల ఇంకా పాత బాంబుల హెచ్చరిక బోర్డులుంటాయి, కంచె దాటి మాత్రం వెళ్లకండి.

ఇక అక్కడి మస్కీటో బే అనే చిన్న అఖాతం. రాత్రి నీళ్లలో తెడ్డు వేస్తే నీలంగా వెలుగుతుంది. ప్రపంచంలోకెల్లా బాగా మెరిసే బే అని గిన్నిస్ రికార్డు ఉంది. కంటికి కనపడని డైనోఫ్లాజెల్లేట్లు అనే జీవులు, నీళ్లు కదిలితే చాలు వెలుగునిస్తాయి. చుట్టూ ఉన్న మడ చెట్లు రాల్చే ఆకుల వల్ల వాటికి పోషణ అందుతుంది, బే మూతి సన్నగా ఉండడం వల్ల అవి సముద్రంలోకి కొట్టుకుపోకుండా అక్కడే నిలుస్తాయి. చుట్టుపక్కల దీపాలుండవు.

గోదారిగట్టు
మడ అడవులంటే మా కోరింగలో ఉన్నట్టేనా? చిన్నప్పుడు నాన్నగారు పడవలో తీసుకెళ్లేవారు. ఈత రాకపోయినా కయాక్ ఎక్కొచ్చా?

బీచ్_బుజ్జి
కోరింగలో ఉన్నట్టే, వేళ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. లైఫ్ జాకెట్ వేస్తారు, ఇద్దరు కూర్చునే కయాక్, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఎలాగూ మస్కీటో బేలో దిగి ఈదడం నిషేధం, కాబట్టి ఈత రానివాళ్లు కోల్పోయేదేమీ లేదు. అడుగు అద్దంలా కనిపించే కయాక్ దొరికితే అదే తీసుకోండి. దోమల మందు, సన్‌స్క్రీన్ రాసుకుని రావద్దంటారు, ఆ జీవులకి హాని. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే సరి. ఫోన్లో ఫొటోలు రావు, ప్రయత్నించి సమయం పాడు చేసుకోకండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. వెన్నెల ఉంటే మెరుపు కనపడదు. పౌర్ణమి రోజుల్లో వెళ్తే డబ్బు దండగ.

పంచాంగం
అలాగైతే మీకు రెండు వారాంతాలూ కలిసొచ్చాయమ్మా. జనవరి 18 ఆదివారం పుష్య బహుళ అమావాస్య. మీరు గోదావరి వాళ్లు కాబట్టి చెప్పక్కర్లేదు, చొల్లంగి అమావాస్య. ఫిబ్రవరి 15 ఆదివారం మహాశివరాత్రి, 17 మంగళవారం అమావాస్య. శివరాత్రంటేనే బహుళ చతుర్దశి, చంద్రుడు తెల్లవారుజామున సన్నటి నెలవంకగా వచ్చి పోతాడు. సాయంత్రం నుంచి చీకటే చీకటి. ఇలాంటివాటికి వేరే యాప్ ఎందుకు, గోడ మీది క్యాలెండర్ చాలు.

లేక్_సుపీరియర్
"వాలెంటైన్స్ డే శనివారం, శివరాత్రి ఆదివారం, అమావాస్య మంగళవారం." ఈ మూడూ ఒకే ట్రిప్పులో పడడం నేనెప్పుడూ చూళ్లేదు 😄

గోదారిగట్టు
అదే ఇప్పుడు నా సమస్య. శివరాత్రికి అత్తయ్యగారు ఉపవాసం, జాగారం చేస్తారు. నేనూ ఉపవాసం ఉంటాను. ఆ రోజు మేం బీచిలో ఉండడం ఏం బాగుంటుంది? జనవరే నయమేమో.

బీచ్_బుజ్జి
జనవరి మూడో వారాంతం వద్దు. పాత శాన్ హువాన్‌లో ఆ నాలుగు రోజులూ శాన్ సెబాస్టియన్ వీధి ఉత్సవం జరుగుతుంది. అక్కడ క్రిస్మస్ సందడి ముగిసేది దానితోనే. లక్షల జనం, పాటలు, డప్పులు, అడుగు తీసి అడుగు వెయ్యలేరు. సందడి ఇష్టమైనవాళ్లకి పండగే. మీరు అడిగింది తీరుబడి కదా. సంక్రాంతి పిండివంటల అలసట కూడా తీరదు అప్పటికి.

ఒంగోలు_గిత్త
శివరాత్రి జాగారానికి నీలంగా మెరిసే నీళ్ల కన్నా మంచి చోటు ఇంకెక్కడుంది చెప్పండి 😀

విజయనగరం_వాసు
పండగ రోజున ఇలాంటి ట్రిప్పు నాకైతే నచ్చదు. వారం అటో ఇటో జరుపుకోవచ్చు కదా.

పంచాంగం
@విజయనగరం_వాసు, జరిపితే సోమవారం సెలవు ఉండదు, రెండు వారాలు జరిపితే వెన్నెల వచ్చేస్తుంది. ఇక పండగ సంగతంటారా, శ్రీశైలంలో శివరాత్రి నాడు రాత్రే పాగాలంకరణ, ఆ తర్వాతే ఆదిదంపతుల కల్యాణం. భార్యాభర్తలు కలిసి ఉండకూడని రోజు కాదది. ఉపవాసం ఎక్కడున్నా ఉపవాసమే. పొద్దున్నే సముద్రస్నానం చేసి, పగలు పళ్లూ కొబ్బరినీళ్లతో గడిపి, రాత్రి ఆ నీళ్ల దగ్గర శివనామం అనుకోండి. నాకైతే చాలా గొప్పగా అనిపిస్తోంది.

విజయనగరం_వాసు
మీరు చెప్పారు కాబట్టి సరే. నా అభిప్రాయం మాత్రం అదే.

ఓరుగల్లు_రాజు
గవన్నీ సరే గానీ, ఎవ్వరు అడుగుతలేరు, నేను అడుగుత. మైనస్ 20ల పెద్దమనుషులను, మూడేండ్ల పిల్లను ఇంట్ల వదిలిపెట్టి మీరు బీచికి పోవుడు ఏంది? వాళ్లకు డ్రైవింగ్ రాదు, మంచు పడితే బయటికి ఎల్లరాదు, పిల్లకు రాత్రి జరమొస్తే ఏం జేస్తరు? మేమైతే మా అమ్మానాయినను గూడ తీస్కొని అందరం కల్సి ఓర్లాండో పోయినం. ముసలోళ్లు ఎంత సంబురపడ్డరో.

లేక్_సుపీరియర్
@ఓరుగల్లు_రాజు అన్నా, ఆవిడ అడిగింది ఫ్యామిలీ ట్రిప్పు కాదు కదా.

ఓరుగల్లు_రాజు
తప్పని అంటలేను తమ్మీ. ఆలోచించుకోమంటున్న. ఇండియాల ఉంటే పక్కింటోళ్లు ఉంటరు, చుట్టాలు ఉంటరు. ఈడ ఎవరున్నరు?

అమ్మమ్మ_కబుర్లు
నేను న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరుంటాను. నాలాంటి వాళ్ల తరఫున నన్ను చెప్పనివ్వండి. రాజు గారూ, మీ భయం మంచిదే, పెద్దవాళ్ల మీద ప్రేమతో అన్నారు. కానీ మేం ముగ్గురు నలుగురు పిల్లల్ని పెంచినవాళ్లం. మనవరాలితో నాలుగు రోజులు ఉండలేమా? మా అమ్మాయీ అల్లుడూ ఒకే ఇంట్లో ఉంటూ ఒకళ్లకొకళ్లు వాట్సాప్‌లో సరుకుల లిస్టు పంపుకోవడం తప్ప వేరే మాట లేకుండా బతుకుతుంటే చూసి నాకే బెంగ పుట్టింది. వెళ్లమని నేనే తరిమాను. గోదారిగట్టు వాళ్ల అత్తగారు తనంతట తానే వెళ్లమంది చూశారా, ఆవిడ కూడా ఏదో గమనించే ఉంటుంది. ఆ మాట కాదనకు తల్లీ.

అయితే ఏర్పాట్లు మాత్రం గట్టిగా చేసి వెళ్లు. పాపకి వైద్యం చేయించడానికి తాతగారికీ నాయనమ్మకీ మీరు అధికారం ఇస్తున్నట్టు ఒక ఉత్తరం రాసి నోటరీ చేయించండి. ఇన్సూరెన్స్ కార్డు కాపీ, పిల్లల డాక్టరు నంబరు, మీ ఇంటి అడ్రసు పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించండి. 911కి ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది అడ్రసే, కంగారులో పెద్దవాళ్లకి గుర్తుండదు. జ్వరం మందు ఎంత మోతాదో సీసా మీద రాసి పెట్టండి. థర్మోస్టాట్ ముట్టుకోవద్దని కాదు, ఎలా ముట్టుకోవాలో చూపించండి. గరాజ్ తలుపు కూడా. వెళ్లే ముందు వారం ఒక శనివారం పొద్దున్నుంచి రాత్రి దాకా మీరు బయటికి వెళ్లి, వాళ్లే చూసుకునేలా చెయ్యండి. పాపకీ అలవాటవుతుంది.

ఓరుగల్లు_రాజు
అమ్మా, మీరు చెప్పిన తీరుగ చేస్తే నాకు అభ్యంతరం లేదు. కారు నడిపే తెలిసినోళ్లు ఒక్కలన్న దగ్గర్ల ఉండాలె, గదొక్కటి జూస్కోండ్రి.

లేక్_సుపీరియర్
నేను బ్లూమింగ్టన్‌లోనే ఉంటాను @గోదారిగట్టు గారూ. మీ ఇద్దరికీ అభ్యంతరం లేకపోతే ముందే ఒకరోజు మా ఆవిడతో వచ్చి పెద్దవాళ్లని కలుస్తాం. శివరాత్రికి మేం ఎలాగూ మేపుల్ గ్రోవ్‌లో హిందూ టెంపుల్‌కి వెళ్తాం, వాళ్లని కూడా అభిషేకానికి తీసుకెళ్తాం. పాప కార్ సీటు మా కారులో బిగించి ఇవ్వండి చాలు.

గోదారిగట్టు
ఎంత మంచి మాట చెప్పారండీ. గుడి మాట వినగానే అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. ఈ ఆదివారమే భోజనానికి రండి.

గోదారిగట్టు_శ్రీవారు
నేను గోదారిగట్టు భర్తని. ప్యూర్టోరికో నాకూ నచ్చింది, కాన్‌కూన్ వదిలేశాను. ఒక ప్లాన్ వేశాను, చూసి చెప్పండి. గురువారం రాత్రి శాన్ హువాన్. శుక్రవారం పొద్దున కోటలు, మధ్యాహ్నం ఎల్ యుంకే అడవి, సాయంత్రం లుకీయోలో తిండి కొట్లు (కియోస్కులు). శనివారం కులేబ్రా దీవి, ఫ్లమెంకో బీచి. ఆదివారం వియెకెస్, రాత్రి మస్కీటో బే. సోమవారం మధ్యాహ్నం ఫ్లైటు. అంతా ఒకే అద్దె కారులో.

బీచ్_బుజ్జి
శ్రీవారూ, మీ ప్లానులో ప్రతి చోటూ చూడాల్సిందే. అన్నీ ఒకే ట్రిప్పులో మాత్రం కాదు.

కులేబ్రాకైనా వియెకెస్‌కైనా ఫెర్రీ సెయిబా నుంచే. ఎయిర్‌పోర్టు నుంచి అక్కడికి గంట పైగా డ్రైవు. టికెట్ కొద్ది డాలర్లే. అంత చవక కాబట్టే సెలవు రోజుల్లో ముందే అయిపోతాయి. పైగా దీవుల్లో ఉండేవాళ్లకి ఆసుపత్రికైనా సరుకులకైనా అదే దిక్కు, వాళ్లకి ముందు చోటివ్వడం న్యాయం. శాన్ హువాన్ అద్దె కారుని ఫెర్రీ ఎక్కించనివ్వరు. అంటే సెయిబాలో ఒక కారు పార్కింగులో పెట్టి, దీవిలో ఇంకో జీపు అద్దెకి తీసుకుంటారు. ఇక ఆదివారం రాత్రి బే చూశాక సోమవారం పొద్దున ఫెర్రీ ఆలస్యమైతే ఫ్లైటు సంగతేంటి?

నేనైతే ఇలా చేస్తాను. గురువారం రాత్రి, శుక్రవారం పగలు పాత శాన్ హువాన్‌లోనే, కారు లేకుండా. ఎల్ మోరో, శాన్ క్రిస్టోబల్ కోటలు రెండింటికీ ఒకటే టికెట్, మనిషికి పది డాలర్లు. నీలిరంగు రాళ్లు పరిచిన వీధులు, రంగు రంగుల ఇళ్లు. సాయంత్రం ఎల్ మోరో ముందున్న పచ్చిక మైదానంలో ఊళ్లో వాళ్లు గాలిపటాలు ఎగరేస్తారు. పిల్లల దగ్గర ఒకటి కొనుక్కుని మీరూ ఎగరెయ్యండి. శనివారం పొద్దున చిన్న విమానంలో వియెకెస్. శాన్ హువాన్ నుంచి అరగంట. ఎనిమిది తొమ్మిది మంది పట్టే విమానం, బరువు సరిచూడడానికి సామానుతో పాటు మిమ్మల్నీ తూకం వేస్తారు. దీవులు కింద కనపడుతూ ఉంటాయి, ఆ అరగంటకే డబ్బులు గిట్టుబాటు. ఎస్పెరాంజా ఊళ్లో గది తీసుకోండి, బే దగ్గర, సముద్రం ఒడ్డునే నడక దారి. కయాక్ టూరు మాత్రం ఇప్పుడే బుక్ చేసుకోండి, అమావాస్య వారం ముందే నిండిపోతుంది.

గోదారిగట్టు_శ్రీవారు
ఎల్ యుంకే కూడా వదిలేయాలా? అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో ఉష్ణమండల వర్షారణ్యం అదొక్కటే అని చదివాను.

సీమ_మిర్చి
అన్నా, అడవి యాడికీ పోదు. నీ పెండ్లాము ఏమడిగిందో మొదటి పోస్టు మళ్లా ఒకతూరి సదువు.

గోదారిగట్టు
సీమ మిర్చి గారికి వంద దండాలు 🙏

గోదారిగట్టు_శ్రీవారు
సరే సరే. ఎల్ యుంకే పాపతో కలిసి వెళ్లే ట్రిప్పుకి ఉంచుతాను. తను పెద్దయ్యాక జలపాతంలో ఆడుకుంటుంది.

నెల్లూరు_చేపలపులుసు
తిండి గురించి ఎవరూ చెప్పలేదే. శ్రీవారికి అక్కడ స్వర్గం. ఎర్ర చేప నిలువునా వేయిస్తారు, రొయ్యలు వెల్లుల్లి రసంలో. మొఫోంగో అని అరటికాయ వేయించి, వెల్లుల్లి వేసి రోట్లో దంచి ముద్ద చేస్తారు. మన వేపుళ్ల నాలుకకి వెంటనే పట్టేస్తుంది.

అక్కకి మాత్రం జాగ్రత్త చెప్పాలి. మొఫోంగోలో మామూలుగా పంది తోలు వేపుడు కలుపుతారు. కందుల అన్నం చూడ్డానికి అచ్చం మనదే, కానీ అందులో పంది మాంసం ఉంటుంది. బీన్స్‌లో కూడా హామ్ ముక్క వేసి ఉడికిస్తారు. "వెజిటేరియన్" అంటే చికెన్ తింటారనుకునే వాళ్లు ఉన్నారు. "సిన్ కార్నే, సిన్ హామోన్, సిన్ కాల్దో దె పోయో" అని స్పానిష్‌లో రాసి ఫోన్లో చూపించండి. మాంసం, హామ్, కోడి రసం ఏవీ వద్దని. తోస్తోనెస్ అంటే పచ్చి అరటికాయ చక్రాలు రెండుసార్లు వేయించినవి, అమరీయోస్ అంటే పండు అరటి వేపుడు. ఇవి రెండూ తినొచ్చు, ఏ నూనెలో వేయించారో మాత్రం అడగండి. అవకాడో ఎక్కడైనా దొరుకుతుంది. పాత శాన్ హువాన్‌లో వెజ్ దొరుకుతుంది, వియెకెస్‌లో తక్కువ. అక్కడ వంటిల్లున్న గది తీసుకుని అన్నం, పెరుగు చూసుకోండి. గోంగూర పచ్చడి చిన్న సీసా చెక్-ఇన్ బ్యాగులో.

అమ్మమ్మ_కబుర్లు
శివరాత్రి రోజుకి బొప్పాయి, అరటిపండు, అనాస శనివారమే కొని పెట్టుకో తల్లీ. ఆదివారం చిన్న ఊళ్లో కొట్లు ఎలా ఉంటాయో. చిలగడదుంప కూడా దొరికితే ఉడకేసుకో.

గోదారిగట్టు
ఉపవాసం ఆదివారం కాబట్టి కయాక్ శనివారం రాత్రికి పెట్టుకుంటున్నాం. ఖాళీ కడుపుతో తెడ్డు వేయలేను. శివరాత్రి నాడు నడక దారిలో కూర్చుంటాం. ఈత రానివాళ్లకి ఏ బీచి మంచిది?

బీచ్_బుజ్జి
చలికాలంలో అట్లాంటిక్ వైపు, అంటే ఉత్తర తీరంలో అలలు పెద్దవి. శాన్ హువాన్‌లో కొండాడో, ఓషన్ పార్క్ చూడ్డానికి అందంగానే ఉంటాయి, లోపలికి లాగే ప్రవాహాలు ప్రమాదం. ఎర్ర జెండా ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. ఊళ్లో దిగాలంటే ఎస్కాంబ్రోన్, అక్కడ రాళ్ల గట్టు అలల్ని ఆపుతుంది. వియెకెస్‌లో మీరు చూసే బీచిలు ఎక్కువగా దక్షిణం వైపు, అక్కడ నెమ్మది. సన్ బే ఎస్పెరాంజా పక్కనే, చంద్రవంక ఆకారంలో ఉంటుంది, చాలా దూరం దాకా లోతు ఉండదు. నీళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు జీపులో ఏ వస్తువూ వదలకండి. పొద్దు గూకాక గుర్రాలు రోడ్డుకి అడ్డం వస్తాయి, మెల్లగా నడపండి. సాయంత్రం ఇసక ఈగలు కుడతాయి, పాదాలకి మందు రాసుకోండి. కయాక్ రోజు మాత్రం రాసుకోవద్దని పైనే చెప్పాను.

లండన్_లచ్చి
మీ అందరినీ చూస్తే ముచ్చటేస్తోంది. మాకు ఇక్కడ టెనెరీఫ్ నాలుగున్నర గంటల దూరం, ఫిబ్రవరిలో 20 డిగ్రీలు, కానీ ఇండియన్ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి. అపాయింట్‌మెంట్ దొరికేసరికి చలికాలం అయిపోతుంది. డొమెస్టిక్ ఫ్లైటులో కరీబియన్ దొరకడం అదృష్టం, వెళ్లి రండి.

నోయిడా_నాగమణి
ఢిల్లీ పొగమంచు నుంచి మేం జనవరిలో వర్కల వెళ్లాం. కొండ అంచు మీద గది, కింద సముద్రం. ఇండియాలో ఉన్నవాళ్లెవరైనా ఈ పోస్టు చదువుతుంటే అదీ చూడండి. ఫ్లైటు పొద్దుటిది తీసుకోవద్దు, పొగమంచుకి గంటలు గంటలు ఆగిపోతుంది.

ఖమ్మం_కుర్రాడు
హవాయి మాటెవరూ ఎత్తలేదేంటి?

హెచ్1బీ_యాత్రికుడు
మినియాపొలిస్ నుంచి నేరుగా వెళ్లినా ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలు. నాలుగు గంటల టైం తేడా. నాలుగు రాత్రుల్లో ఒకటిన్నర రోజు విమానంలోనే. వారం పైన ఉంటేనే హవాయి.

లేక్_సుపీరియర్
మనవైపు చలికాలం గురించి ఒక మాట. సోమవారం తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. ఫిబ్రవరిలో మంచు తుఫాను వస్తే ఎంఎస్‌పీ (మినియాపొలిస్ ఎయిర్‌పోర్టు) రన్‌వేలు తెరుచుకున్నా విమానాలు వెనకా ముందూ అయిపోతాయి. మంగళవారం తిరిగొస్తే టికెట్లు కూడా తగ్గుతాయి. వెళ్లేటప్పుడు లావు కోట్లు కారులోనే వదిలేసి టెర్మినల్‌కి పరిగెత్తకండి, తిరిగొచ్చేసరికి మైనస్ 20 ఉంటే పార్కింగ్ దాకా నడవాలి. నలిగితే చిన్నదైపోయే డౌన్ జాకెట్ ఒకటి బ్యాగులో ఉంచుకోండి. కారు కప్పున్న పార్కింగ్‌లో పెట్టండి, ఆరుబయట నాలుగు రోజులుంటే బ్యాటరీ లేవకపోవచ్చు. లేదా నేనే దింపి, తీసుకొస్తాను.

ఓరుగల్లు_రాజు
గిదీ ముచ్చట. పక్కింటోళ్లు లేరన్న గద, దొరికిండ్రు. సల్లగ పోయి రండ్రి బిడ్డా. పిల్లకు రోజుకొకసారి వీడియో కాల్ జేయుండ్రి, పది సార్లు గాదు. పది సార్లు జేస్తే ఏడుస్తది.

గోదారిగట్టు
టికెట్లు తీసుకున్నాం! ఫిబ్రవరి 12 గురువారం వెళ్లి 17 మంగళవారం రావడం. నాలుగు రాత్రులనుకున్నది అయిదైంది. గురు, శుక్రవారాలు పాత శాన్ హువాన్, శని, ఆదివారాలు వియెకెస్, సోమవారం సాయంత్రం చిన్న విమానంలో వెనక్కి వచ్చి ఎయిర్‌పోర్టు దగ్గర రాత్రి పడుకుంటాం. మూడు వేలకి కొంచెం పైనే అయ్యేలా ఉంది, జీపు బదులు గోల్ఫ్ కార్టు చాలా? శనివారం కయాక్ దొరికింది, రాత్రి ఏడున్నరకి. నోటరీకి శుక్రవారం వెళ్తున్నాం. అత్తయ్యగారు పాపకి అప్పుడే చెప్పేశారు, "అమ్మా నాన్నా మెరిసే నీళ్లు చూడ్డానికి వెళ్తున్నారు, మనం గుడికి వెళ్దాం" అని.

బీచ్_బుజ్జి
ఎస్పెరాంజా, సన్ బే వరకే అయితే గోల్ఫ్ కార్టు సరిపోతుంది. లా చీవా దాకా వెళ్లాలంటే గుంతల మట్టిరోడ్డు, జీపే కావాలి. ఒక్క రోజుకి జీపు, ఒక్క రోజు నడక అని పెట్టుకుంటే డబ్బూ మిగులుతుంది, ఆదివారం ఉపవాసానికీ బాగుంటుంది.

గుంటూరు_కారం
లేటుగా వచ్చాను. నాది హెచ్1బీ, మా ఆవిడది ఎఫ్1 (స్టూడెంట్ వీసా), చదువయ్యాక పని చేసుకునే ఓపీటీలో ఉంది. తన వీసా స్టాంపు కూడా అయిపోయింది. మేమూ ప్యూర్టోరికో వెళ్లొచ్చా?

హెచ్1బీ_యాత్రికుడు
వెళ్లొచ్చు, దేశం దాటడం లేదు కాబట్టి స్టాంపుతో పని లేదు. ఆవిడ పాస్‌పోర్టు, కాలేజీ ఇచ్చిన ఐ-20, ఈఏడీ కార్డు (పని అనుమతి కార్డు), ఐ-94 ప్రింటు అసలువి తీసుకెళ్లండి, ఫోన్లో ఫొటోలు సరిపోవు. ఫ్లైటు మధ్యలో ఇంకో దేశంలో ఆగకుండా చూసుకోండి. క్రూయిజ్ ఆఫర్ చూసి మనసు మార్చుకోవద్దు, అది మధ్యలో వేరే దేశాల్లో ఆగితే లెక్క మొత్తం మారిపోతుంది.